సోషల్ టీచర్ అవ్వాలంటే: డిగ్రీ నుంచి డీఎస్సీ దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

బీఏ అయిపోయింది, బీఈడీ చేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి మేడం అని ప్రతి వేసవిలో ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. ఎక్కువమంది మా బడిలోనే పదో తరగతి చదివి, కావలిలోనో ఆత్మకూరులోనో డిగ్రీ చేసిన పిల్లలే. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పేబదులు అంతా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను. బీఈడీ ఏడాది నుంచి రెండేళ్లకు మారిన మొదటి బ్యాచ్‌లో, అంటే 2015లో నేను చేరాను. 2018 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ సోషల్, అంటే హైస్కూల్లో సోషల్ టీచర్ పోస్టు వచ్చింది. ఇప్పుడు నెల్లూరు జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో పాఠాలు చెప్తున్నాను, బీఈడీ నుంచి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలకు గైడ్ టీచర్‌గా కూడా ఉంటున్నాను.

డిగ్రీ, బీఈడీ సీటు కోసం రాసే ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ, టీచర్ అర్హత పరీక్ష టెట్, ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ, ఇదీ వరస. చెప్పుకోవడానికి ఐదే మాటలు కానీ ఒక్కోచోట ఒక్కో చిక్కు ఉంది.

ముందు మీ డిగ్రీ మెమో తీసి ముందు పెట్టుకోండి

ఎడ్‌సెట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం చాలు. ఇది అందరికీ తెలుసు. చాలామంది చూసుకోనిది ఇంకొకటుంది. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ సోషల్ పోస్టుకి డిగ్రీలో హిస్టరీ, ఎకనామిక్స్, జాగ్రఫీ, పొలిటికల్ సైన్స్ లాంటి సోషల్ సబ్జెక్టులు కనీసం రెండు చదివి ఉండాలి. ఒకప్పుడు బీఏ అంటే హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్), మూడూ సోషల్ సబ్జెక్టులే కాబట్టి ఈ మాటే వచ్చేది కాదు. 2023లో డిగ్రీలోకి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనర్. కాబట్టి ఆ పద్ధతిలో డిగ్రీ చదువుతున్నవాళ్లు హిస్టరీ మేజర్ తీసుకుంటే మైనర్‌గా ఎకనామిక్సో పాలిటిక్సో ఉండేలా చూసుకోండి. బీఈడీ సీటు వచ్చేసింది కదా అని ఊరుకుని, నాలుగేళ్ల తర్వాత డీఎస్సీ అప్లికేషన్ దగ్గర ఆగిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. పాత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి అర్హతల పేజీని మీ మెమోతో పక్కపక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి, పది నిమిషాల పని.

ఎడ్‌సెట్: జాగ్రఫీ దగ్గర మొదలుపెట్టండి

పరీక్ష 150 మార్కులకు, రెండు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. ఇంగ్లీషు 25, జనరల్ నాలెడ్జి 15, టీచింగ్ ఆప్టిట్యూడ్ 10 పోగా మిగిలిన 100 మీరు ఎంచుకున్న మెథడాలజీ సబ్జెక్టువే, అంటే బడిలో చెప్పబోయే సబ్జెక్టు, మన విషయంలో సోషల్. ఓసీ, బీసీ వాళ్లకు అర్హత మార్కులు 25 శాతమే, కాబట్టి పాసవుతామా అన్న టెన్షన్ అక్కర్లేదు. మంచి కాలేజీలో, ఇంటికి దగ్గర్లో, ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో సీటు రావాలంటే మాత్రం ర్యాంకు కావాలి. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇది ఇంట్లో ముందే చెప్పండి.

సోషల్ 100 మార్కుల్లో జాగ్రఫీ వాటా పెద్దది. మన ప్రాంతంలో బీఏ చేసినవాళ్లలో ఎక్కువమంది పదో తరగతి తర్వాత జాగ్రఫీ పుస్తకం తెరిచి ఉండరు, నేనూ తెరవలేదు. అందుకే బిట్ బ్యాంకులు కొనకముందే 6వ తరగతి సోషల్ పుస్తకం తెచ్చుకుని అక్షాంశాలు, రేఖాంశాల దగ్గర్నుంచి మొదలుపెట్టండి. మన బడి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి, అది మీకు ఎంత మేలో తర్వాత తెలుస్తుంది. అట్లాస్ ఒకటి కొనండి. రోజుకో అవుట్‌లైన్ మ్యాప్‌లో నదులో, కొండలో, ఓడరేవులో ఏదో ఒకటి చేత్తో గుర్తించండి. ఫోన్లో చూసిన మ్యాప్ గుర్తుండదు, చేత్తో గీసింది గుర్తుంటుంది.

కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు

నెల్లూరు వైపు కాలేజీలు విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద, ఒంగోలు వైపు కాలేజీలు ఆంధ్ర కేసరి యూనివర్సిటీ కింద ఉంటాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీకి ఎన్‌సీటీఈ (టీచర్ కోర్సులకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందో లేదో ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో చూడండి. గుర్తింపు లేని చోట చేసిన బీఈడీ దేనికీ పనికిరాదు. తర్వాత, వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. క్లాసులు జరుగుతున్నాయా, లైబ్రరీ తాళం తీసి ఉందా, ఇంటర్న్‌షిప్‌కి ఏ బడులకు పంపుతున్నారు, ఈ మూడూ అక్కడ చదువుతున్నవాళ్లనే అడగండి, ఆఫీసులో కాదు.

నేను చేరేరోజు ఆఫీసులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. సర్టిఫికెట్లు చూడకముందే, అమ్మా రెగ్యులరా, నాన్ అటెండింగా అన్నారు. నాన్ అటెండింగ్ అంటే కొంత డబ్బు కట్టి ఇంట్లో ఉండి, పరీక్షలకు మాత్రం రావడం. రికార్డులు రాసిపెట్టే మనుషులు కూడా ఉంటారు, దానికో రేటు. మా నాన్న పక్కనే నిలబడి, అదేదో మంచి సౌకర్యం అనుకుని నా వైపు చూశారు. నేను రెగ్యులరే అన్నాను. మా బ్యాచ్‌లో నిజంగా వచ్చినవాళ్లం సగం కూడా లేము. కొన్ని రోజులు ఖాళీ గదిలో నలుగురం కూర్చుని ఒకరికొకరం పాఠాలు చెప్పుకున్నాం.

దయచేసి ఆ దారిలో వెళ్లకండి. రూల్ ప్రకారం క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి, అది ఒక కారణం. అసలు కారణం వేరే. డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ పేపరు 80 మార్కులకు ఉంటుంది. అందులో సబ్జెక్టు కంటెంట్ 40, మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టుని ఎలా చెప్పాలన్నది 20, ఎడ్యుకేషనల్ సైకాలజీ 5, విద్యా చరిత్ర, చట్టాలు లాంటివుండే పర్‌స్పెక్టివ్స్ 5. జీకే, కరెంట్ అఫైర్స్ 10. అంటే జీకే తీసేస్తే 70 మార్కులు బీఈడీలో నేర్చుకునేవో, బడిలో పాఠం చెప్తూ నేర్చుకునేవో. రెండేళ్లు ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత డీఎస్సీ కోచింగ్‌కి పేరున్న అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో ఉండి వేలకు వేలు పోసి అదే మళ్లీ నేర్చుకోవడం ఎందుకు?

మొదటి ఏడాది: మైక్రో టీచింగ్‌ని తేలిగ్గా తీసుకోకండి

ఇందులో ఒక్కో నైపుణ్యాన్ని విడిగా సాధన చేస్తారు, పాఠం మొదలుపెట్టడం, ప్రశ్న మీద ప్రశ్న వేయడం, నల్లబల్ల మీద రాయడం, ఇలా. మన దేశంలో వాడే పద్ధతిలో 6 నిమిషాలు చెప్పి, 6 నిమిషాలు తప్పొప్పులు విని, 12 నిమిషాల్లో మళ్లీ ప్లాన్ రాసుకుని, ఇంకో 6 నిమిషాలు చెప్పి, 6 నిమిషాలు మళ్లీ వింటారు, మొత్తం 36 నిమిషాలు. ఈ లెక్క మీద బిట్లు కూడా వస్తాయి. కానీ తోటివాళ్ల ముందు నిలబడి చేసినవాళ్లకు ఇది బట్టీ పట్టాల్సిన పని లేదు, ఆ 12 నిమిషాల కంగారు వాళ్లకు జన్మంతా గుర్తుంటుంది.

మీ గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. నేను ప్రతి వాక్యం చివర "అర్థమైందా" అనేదాన్ని. అర్థమైందా అంటే పిల్లలు అర్థమైందనే అంటారు. ఆ మాట మానేసి, దాని బదులు ఒక ప్రశ్న అడగడం అలవాటయ్యేసరికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇంటర్న్‌షిప్: రెండేళ్లకూ ఇదే ప్రాణం

బీఈడీలో కనీసం 20 వారాలు బడిలో ఉండాలి, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఈ 16 వారాలు ప్రభుత్వ హైస్కూల్లో చేయగలిగితే అదే చేయండి, ఎందుకంటే రేపు మీరు ఉద్యోగం చేసేది అక్కడే. వెళ్లిన మొదటి వారం పాఠం చెప్పాలని తొందరపడకండి. వెనక బెంచీలో కూర్చుని అన్ని సబ్జెక్టుల క్లాసులూ చూడండి. లెక్కల సార్ గొడవ చేసే పిల్లాణ్ని ఎలా దారిలో పెడుతున్నారో, తెలుగు మేడం మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్రపోతున్న క్లాసుని ఎలా లేపుతున్నారో చూసి రాసుకోండి. అబ్జర్వేషన్ రికార్డు అంటే అదే కానీ సీనియర్ల దగ్గర తెచ్చుకుని దించేది కాదు.

పాఠం ఎలా తయారుచేసుకోవాలో ఒకటి చూపిస్తాను. మా బడికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒక అమ్మాయి పదో తరగతికి ఖనిజాల పాఠం చెప్తోంది. పీరియడ్ ప్లాన్ చక్కగా రాసుకుంది, చార్టు కూడా వేసుకొచ్చింది. మైకా దగ్గరికొచ్చి పుస్తకంలో ఉన్నట్టే కోడర్మా, అజ్మీర్, నెల్లూరు మైకా బెల్ట్ అని చదివి ముందుకు వెళ్లిపోతుంటే, మూడో బెంచీలో పిల్లాడు చెయ్యెత్తి, "మేడం, ఆ నెల్లూరు మన నెల్లూరేనా?" అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. మనదే నాన్నా అని అక్కడికి వదిలేసింది, పీరియడ్ అయిపోయింది.

స్టాఫ్ రూంలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయి వాళ్లది గూడూరు వైపే, సైదాపురం గనులు వాళ్ల మేనమామ ఊరికి దగ్గర. తర్వాతి సోమవారం వచ్చేటప్పుడు అరచేయంత మైకా ముక్క ఒకటి పేపర్లో చుట్టుకుని తెచ్చింది. చార్టు తియ్యలేదు, పుస్తకం తెరవలేదు. ముక్కని మొదటి బెంచీకి ఇచ్చి, గోటితో ఒక పొర తీసి పక్కవాళ్లకివ్వండి అంది. పొర తీస్తున్నకొద్దీ వస్తూనే ఉంది. ఒకడు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని అవతల చెట్టు కనపడుతోంది మేడం అన్నాడు, ఒకమ్మాయి ఇది కాకిబంగారం కదా, మా అవ్వ చెప్పింది అంది. వేళ్లకంతా తళుకు అంటుకుంది. అప్పుడు అడిగింది ఆ అమ్మాయి, ఇంత పల్చగా విడిపోయేదాన్ని, కరెంటు తనలోంచి పోనివ్వనిదాన్ని మనుషులు దేనికి వాడతారో చెప్పండి అని. ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచి మొదలుపెట్టి పిల్లలే చెప్పుకుంటూ పోయారు. ఆ తర్వాత గనుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల సంగతి వచ్చింది, అది కూడా పాఠంలో భాగమే. నలభై నిమిషాలు ఎలా గడిచాయో ఎవరికీ తెలియలేదు. రాతపరీక్షలో ఆ ప్రశ్న ఎవరూ తప్పు రాయలేదు.

కాబట్టి ప్రతి పాఠానికీ ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న, ఇది మా జిల్లాలో ఎక్కడ ఉంది అని. మన పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీనికి కరువు లేదు. సహాయ నిరాకరణోద్యమం చెప్పేటప్పుడు 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం పెన్న ఒడ్డునే ఉంది. ఉప్పు సత్యాగ్రహానికి ఒంగోలు పక్కన దేవరంపాడు, టంగుటూరి ప్రకాశం ఉన్నారు. ప్రజా ఉద్యమాలంటే 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకుంటూ మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం, అది 12వ తరగతి పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోకే ఎక్కింది. భాషాప్రయుక్త రాష్ట్రాలంటే పొట్టి శ్రీరాములు పేరు జిల్లాకే ఉంది. ప్రకాశం వైపువాళ్లకు చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలక, కంభం చెరువు, ఒక్కోటి ఒక్కో పాఠం.

జాగ్రఫీకి ఖర్చులేని సాధనం ఇంకొకటి, బడి జెండా కర్ర. నెల్లూరు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, మన గడియారం నడిచేది 82½ డిగ్రీల మీద. తేడా రెండున్నర డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు, అంటే మనకు సూర్యుడు నడినెత్తికి రావడం గడియారం కంటే సుమారు 10 నిమిషాలు ఆలస్యం. నెల్లూరు అక్షాంశం 14 డిగ్రీలు దాటి ఉంది కాబట్టి ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు. ఆగస్టు 13, 14 తేదీల్లో మబ్బు లేకపోతే పన్నెండుంబావు దగ్గర పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి. జెండా కర్ర నీడ కనపడదు, దాని మొదట్లోనే ఒదిగిపోతుంది. ఒంగోలులో అయితే ఇది ఆగస్టు 9 దగ్గర్లో జరుగుతుంది. అదెందుకు ముందు జరిగిందో పిల్లల్నే అడగండి, అక్షాంశాలు అక్కడ అర్థమవుతాయి.

టెట్: ఒకసారి రాసి వదిలేయకండి

సోషల్ వాళ్లు రాయాల్సింది పేపర్ 2ఏ, 150 మార్కులు, రెండున్నర గంటలు. పిల్లల ఎదుగుదల, పెడగాజీ (బోధన పద్ధతులు) 30, మొదటి భాష 30, ఇంగ్లీషు 30, సోషల్ 60. అర్హత ఓసీకి 90, బీసీకి 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60. సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. కానీ డీఎస్సీ ర్యాంకులో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉందని మర్చిపోకండి. లెక్క చూడండి, టెట్‌లో 105 వస్తే 14, అదే 120 వస్తే 16. ఈ 2 మార్కుల తేడా డీఎస్సీలో 4 ప్రశ్నలతో సమానం, ఎందుకంటే అక్కడ ప్రశ్నకి అర మార్కే, 80 మార్కులకు 160 ప్రశ్నలు. అర మార్కు దగ్గర ఉద్యోగాలు పోయినవాళ్లను నేను చూశాను. అందుకే టెట్ నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయండి. ముఖ్యంగా తెలుగు, ఇంగ్లీషు, ఈ 60 మార్కుల్ని సోషల్ వాళ్లం బాగా నిర్లక్ష్యం చేస్తాం.

డీఎస్సీ, మధ్యలో ఖాళీ ఏళ్లు

మా డీఎస్సీ 2018లో 7,902 పోస్టులకు వచ్చింది. 2024లో వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. తర్వాత 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు వచ్చింది, జూన్, జులై నెలల్లో పరీక్షలు జరిగాయి. అంటే ఏడేళ్లు. అన్నాళ్లు గదిలో కూర్చుని చదువుతామంటే ఏ ఇల్లూ మోయలేదు, మనసూ నిలబడదు. బీఈడీ అవ్వగానే ఏదో ఒక బడిలో చేరండి, జీతం తక్కువైనా 8, 9, 10 తరగతుల సోషల్ మీ చేతిలో ఉండేలా అడగండి. సిలబస్ 6 నుంచి 10 తరగతులదే, లోతు మాత్రం ఇంటర్ దాకా వెళ్తుంది. సంవత్సరమంతా పదిమందికి చెప్పిన పాఠం మీద ఎలా తిప్పి అడిగినా తడబడరు. సాయంత్రం గంటన్నర ఇంటర్ పుస్తకాలకి, మెథడాలజీకి, ఆదివారం ఒక గ్రాండ్ టెస్ట్‌కి (పూర్తి నమూనా పరీక్ష) పెట్టుకుంటే చాలు. నోటిఫికేషన్ వచ్చాక సెలవు పెట్టుకోండి. ఆడపిల్లలకు ఒక మాట, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇంకేం చదువుతాంలే అనుకోకండి. గత నోటిఫికేషన్లో వయసు పరిమితి ఓసీకి 44, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 49.

డీఎస్సీ ఒక్కటే చూస్తూ కూర్చోకుండా కేంద్రం పెట్టే టెట్, అంటే సీటెట్ పేపర్ 2 కూడా రాయండి, కేంద్రీయ విద్యాలయాలు (కేవీ), నవోదయల్లో టీజీటీ సోషల్, అంటే హైస్కూల్ స్థాయి టీచర్ పోస్టుకి అది కావాలి. కేవీలో అయితే డిగ్రీలోని రెండు సబ్జెక్టుల్లో ఒకటి హిస్టరీ గానీ జాగ్రఫీ గానీ అయ్యుండాలి.

చివరగా కాగితాలు

2025 డీఎస్సీలో 80 శాతం పోస్టులు లోకల్ వాళ్లకే ఇచ్చారు, లోకల్ అని తేల్చింది 4 నుంచి 10 దాకా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి. అప్పుడు పోస్టులు పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే ఇచ్చారు, కాబట్టి 2022లో ప్రకాశం నుంచి నెల్లూరులోకి మార్చిన కందుకూరు లాంటి చోట చదివినవాళ్లు మేం నెల్లూరు కదా అనుకుని పొరపాటు పడకండి. ఆ ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. నాకు ఐదో తరగతి సర్టిఫికెట్ కోసం చిన్నప్పుడు చదివిన బడికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. మొదటిసారి హెచ్ఎం సెలవులో ఉన్నారు, రెండోసారి అడ్మిషన్ రిజిస్టరు దొరకలేదు, మూడోసారి బీరువా వెనక పడి ఉంటే దుమ్ము దులిపి తీశారు. మీరు వెళ్లేదేదో వేసవి సెలవులు ఇవ్వకముందే వెళ్లండి, ఉదయం ప్రార్థన అయ్యేసరికి అక్కడ ఉండేలా, ఆధార్, పదో తరగతి మెమో జిరాక్సులు రెండేసి చేతిలో పెట్టుకుని.